పక్షవాతం వచ్చిన అమ్మను వృద్ధుల హోమ్‌లో చేర్చే ముందు ఏం చూడాలి?

బాబూ, మీరు రాసింది శ్రద్ధగా చదివాను. అమ్మగారికి డెబ్బై దాటాయి. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. షుగరు, బీపీ పాతవే. మీరు బెంగళూరులో, చెల్లెలు కువైట్‌లో. ఇంట్లో పెట్టిన మనుషులు నిలవడం లేదు. దగ్గరలో ఉన్నది చీపురుపల్లిలో మేనమామగారు ఒక్కరే. విజయనగరంలో రెండు హోమ్‌లు, శ్రీకాకుళంలో ఒకటి చూసొచ్చారు. మూడూ శుభ్రంగానే ఉన్నాయి, మూడుచోట్లా మర్యాదగానే మాట్లాడారు, ఇక దేన్నిబట్టి తేల్చుకోవాలన్నది మీ ప్రశ్న.

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం మెడికల్ వార్డులోనే గడిచింది, అంటే పక్షవాతం కేసుల మధ్యే. రిటైరయ్యాక తెలిసినవాళ్లు అడిగితే ఈ రెండు జిల్లాల్లోని హోమ్‌లకు వెళ్లి చూసి చెబుతుంటాను. ఒకటి రెండు చోట్ల ఆయాలకు పని కూడా నేర్పాను. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఆఫీసు గది, పూలకుండీలు, గోడ మీది మెనూ బోర్డు చూసి ఏ హోమ్ ఎలాంటిదో చెప్పలేం. అక్కడ ఉన్నవాళ్లలో అందరికంటే నిస్సహాయంగా ఉన్న మనిషి ఎవరో కనుక్కోండి. లేవలేని, మాట్లాడలేని, చూడడానికి ఎవరూ రాని మనిషి ప్రతి హోమ్‌లోనూ ఒకరుంటారు. ఆ మనిషి ఒళ్లు ఎలా ఉందో చూడండి. అడిగేవాళ్లు లేని మనిషిని కూడా బాగా చూసుకుంటున్నారంటే మీ అమ్మగారినీ చూసుకుంటారు. నేను ఏ హోమ్‌కి వెళ్లినా మొదట చూసేది అదే. ఆ తర్వాతే మిగతావి.

మీరు ఫోన్ చేసి, టైము చెప్పి, ఉదయం పదకొండింటికి వెళ్లుంటారు. ఆ వేళకు స్నానాలు అయిపోయి, పక్కబట్టలు మార్చేసి, అందరూ దువ్వించుకుని కూర్చునుంటారు. ఈసారి చెప్పకుండా వెళ్లండి. సాయంత్రం ఏడు గంటలప్పుడు ఒకసారి, కుదిరితే ఆదివారం మధ్యాహ్నం ఒకసారి. పొద్దున్న ఆరింటికి వెళ్లగలిగితే రాత్రి ఎలా గడిచిందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. లోపలికి రానివ్వకపోతే ఎందుకో అడగండి. స్నానాలు చేయిస్తున్నారు, ఆడవాళ్ల గదులు, కాసేపు ఆగమంటే అది న్యాయమైన మాట. అరగంట కూర్చోండి. అసలు అపాయింట్‌మెంటు లేకుండా ఎవరినీ రానివ్వమంటే మాత్రం ఆ హోమ్‌ని పక్కన పెట్టేయండి.

వాసన సంగతి చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. మంచం పట్టినవాళ్లున్న చోట ఎప్పుడో ఒకప్పుడు వాసన వస్తుంది, ఎవరో ఒకరికి అప్పుడే అయ్యుంటుంది. అదేం తప్పు కాదు. అరగంట తర్వాత అదే మంచం దగ్గరికి మళ్లీ వెళ్లండి. వాసన పోయిందా, అలాగే ఉందా? మీకు కావాల్సిన జవాబు అక్కడ దొరుకుతుంది. గుమ్మంలోంచే ముక్కు మండేలా ఫినాయిలు వాసన కొడుతుంటే దాన్ని శుభ్రత అనుకోకండి. పరుపులోకి ఇంకిన తడిని నేల మీది ఫినాయిలు పోగొట్టలేదు.

ఇక మనిషి దగ్గరికి వెళ్దాం. మీరు దుప్పటి తీయకండి, ఫొటోలు అసలు తీయకండి, వాళ్ల పరువు కూడా మన అమ్మ పరువులాంటిదే. ముందు ఆ పెద్దావిడకు నమస్కారం పెట్టి, ఒక మాట చెప్పి, ఆయమ్మనే మడమలు చూపించమనండి. పనిమీద శ్రద్ధ ఉన్న ఆయా అయితే సందేహించకుండా చూపిస్తుంది. మంచాన ఉన్నవాళ్లకు పడకపుండ్లు పడే చోట్లు తెలిసినవే: నడుము కింద వెన్ను చివర, తుంటి ఎముకలు, మడమలు, మోచేతులు, తల వెనక. వీటిలో మనం చూడదగినవి మడమలు. చర్మం ఎర్రగా లేక చుట్టుపక్కలకంటే నల్లగా, ఊదాగా కమిలి ఉంటే బొటనవేలితో నొక్కి వదలమనండి. నొక్కినప్పుడు రంగు తగ్గి, వదలగానే మళ్లీ వస్తే ఫరవాలేదు. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. మనవాళ్ల ఒంటిరంగుకు ఎరుపు చాలాసార్లు కనిపించదు. వేడిగా ఉందా, చుట్టుపక్కలకంటే గట్టిగా ఉందా అని చేత్తో చూడాలి. పుండు ఉన్నంత మాత్రాన ఆ హోమ్ చెడ్డదని కాదు, కొందరు ఆసుపత్రి నుంచే పుండుతో వస్తారు. ఎప్పుడు వచ్చింది, ఎంత పెద్దది, తగ్గుతోందా, డ్రెస్సింగు ఎవరు చేస్తున్నారు అని అడగండి. తేదీలతో సహా చెప్పగలిగితే చూసుకుంటున్నట్టు. "ముసలొంటికి మామూలేనండి" అన్నారంటే ఇక అక్కడ కూర్చోనక్కర్లేదు.

పక్షవాతం ఉన్నవాళ్ల విషయంలో నేను తప్పకుండా చూసేది పడిపోయిన చేతి పిడికిలి. నెలలు గడిచేకొద్దీ ఆ చెయ్యి బిగుసుకుని వేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. రోజూ మెల్లగా విప్పి, కడిగి, తడి తుడిచి, మెత్తని గుడ్డ చుట్టి పెట్టాలి. లేకపోతే అరచేతిలో చెమట నిలిచి చర్మం పాసిపోతుంది, గోళ్లు గుచ్చుకుని పుండ్లవుతాయి.

ఒకచోటికి వెళ్లాను, ఏ ఊరో చెప్పను. ముందు గదులు టైల్స్‌తో మెరిసిపోతున్నాయి, హాల్లో పెద్ద టీవీ, వరండాలో ఉయ్యాల. వెనక గదిలో ఒక మామ్మగారు గోడవైపు తిరిగి పడుకునున్నారు. తలకు నూనె రాసి జడ వేశారు, చీర ఉతికిందే. ఎడమ పిడికిలి బిగించి ఉంది. చిటికెనవేలి వైపు నుంచి ఒక్కొక్క వేలే విప్పుతుంటే ఆవిడ కళ్లు గట్టిగా మూసుకున్నారు. లోపల చర్మం తెల్లగా నాని, పులిసిన వాసన వస్తోంది. ఉంగరపు వేలి గోరు అరచేతిలో దిగబడి ఉంది. ఆ గోరు అంత పెరగడానికి ఎన్ని వారాలు పట్టుంటుందో, అన్ని వారాల పాటు రోజూ స్నానం చేయించినవాళ్లలో ఒక్కరూ ఆ చెయ్యి విప్పలేదు. జడ బయటికి కనిపిస్తుంది కాబట్టి వేశారు.

మరోచోట రేకుల షెడ్డు, పాత ఇనప మంచాలు. అక్కడ ఒక ఆయా, పెద్ద చదువేమీ లేని మనిషి, ఒక తాతగారిని పక్కకు తిప్పింది. మోకాళ్ల మధ్య దిండు పెట్టింది, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద మడిచిన దుప్పటి పెట్టింది, కింది చెవి మడత పడిందేమోనని వేలితో సరిచేసింది. ఎవరూ చెప్పకుండానే ఇవన్నీ చేసింది. నేను ఆ హోమ్ పేరే చెప్పి పంపించాను ఆ కుటుంబాన్ని.

గోళ్లు, నోరు కూడా చూడండి. కాలిగోళ్లు ఎవరూ దాచలేరు. నోరు చూడాలంటే భోజనమైన పావుగంటకు చూడాలి. చచ్చుబడిన వైపు బుగ్గలో అన్నం మెతుకులు ఉండిపోతాయి, వాళ్లకు తెలియదు. తీసి, పుక్కిలింపజేసి, తడిగుడ్డతో తుడవాలి. నాలుక మీద పెరుగులా తెల్లని పొర ఉంటే నోటి సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదని అర్థం.

ఇప్పుడు రాత్రి సంగతి. హోమ్‌ల మధ్య అసలు తేడా బయటపడేది రాత్రే. "ఇరవైనాలుగు గంటలూ స్టాఫ్ ఉంటారు" అని అందరూ అంటారు. ఎంతమంది, నిద్రపోయే స్టాఫా మేలుకునే స్టాఫా అని అడగండి. ఒక చిన్న లెక్క చెబుతాను. తనంతట తాను కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పక్క మార్చి, డైపరు చూసి, తుడిచి, సర్దేసరికి ఒక్కొక్కరికి పది నుంచి పదిహేను నిమిషాలు. అలాంటివాళ్లు పదిమంది ఉండి, చూసే మనిషి ఒక్కరే అయితే ఆ రెండు గంటలూ దాదాపు దానికే పోతాయి, మొదటి మంచం దగ్గరికి మళ్లీ వెళ్లే వేళ అయిపోతుంది. మధ్యలో ఒకరు బాత్రూమ్‌కి పిలిస్తే? కాబట్టి మంచం పట్టినవాళ్లు ఎంతమంది, రాత్రి మేలుకుని ఉండేవాళ్లు ఎంతమంది అని రెండు అంకెలూ అడిగి మీరే లెక్క వేసుకోండి. "ఎయిర్ బెడ్ ఉందండి, తిప్పక్కర్లేదు" అంటే నమ్మకండి. ఎయిర్ బెడ్ ఒత్తిడి తగ్గిస్తుంది, తిప్పే పని తప్పించదు. అందులోనూ చాలాచోట్ల గాలి చాలక పరుపు అడుగు తగులుతుంటుంది. మనిషి నడుము కింద చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

పక్క మార్చిన చార్టు ఉంటే అడిగి చూడండి. పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు అని టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఉంటే తెల్లారి ఆరింటికి కూర్చుని నింపారని అర్థం. నిజంగా రాసినదానిలో రాత మారుతుంది, ఒకచోట "నిద్రపోతున్నారు, తర్వాత మార్చాను" అని ఉంటుంది, ఒక టైము తప్పి ఉంటుంది. బీపీ పుస్తకం కూడా అంతే. నెలంతా అందరికీ 120/80 ఉంటే ఆ మిషను ఎవరి చేతికీ కట్టలేదన్నమాట.

మీ అమ్మగారికి డైపరు అవసరమో కాదో మీరు రాయలేదు. బాత్రూమ్‌కి తీసుకెళ్తే వెళ్లగలిగే మనిషికి, పని తేలికని డైపరు వేసేయడం, అంతకంటే ఘోరంగా మూత్రం గొట్టం పెట్టేయడం కొన్నిచోట్ల అలవాటు. గొట్టం డాక్టరు చెబితేనే పెట్టాలి, ఎందుకు పెట్టారో ఎప్పుడు మార్చాలో రాసి ఉండాలి. దాని సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి, అయినా నేలకు తగలకూడదు. ఇది మంచం పక్కన నిలబడితేనే కనిపిస్తుంది.

మంచం మీంచి కుర్చీలోకి ఎలా దించుతారో ఒక్కసారి మీ కళ్లెదుట చేయించుకోండి. పడిపోయిన వైపు చంక కింద చెయ్యి వేసి, లేదా ఆ చెయ్యి పట్టి లాగి లేపుతుంటే వద్దని చెప్పండి. ఆ భుజానికి కండ బలం ఉండదు, కీలు జారుతుంది, ఆ తర్వాత నెలల తరబడి నొప్పి. మాట సరిగా రాని మనిషి ఆ నొప్పి చెప్పుకోలేదు, తిండి మానేస్తుంది, కసురుకుంటుంది, "మొండి ముసల్ది" అనిపించుకుంటుంది. తెలిసినవాళ్లు మంచి వైపు కుర్చీ పెట్టి, నడుముకి బెల్టో గుడ్డో చుట్టి పట్టుకుని లేపుతారు. పక్షవాతంలో మొదటి ఆరు నెలల్లోనే కోలుకోవడం ఎక్కువ. మీకు ఇంకా రెండు నెలలు చేతిలో ఉన్నాయి. ఫిజియోథెరపిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాని రోజుల్లో ఆ కసరత్తు ఎవరు చేయిస్తారు అనేది ఈ మూడు హోమ్‌లలోనూ గట్టిగా అడగాల్సిన ప్రశ్న. ఆ తర్వాత కూడా మెరుగవుతారు, కానీ నెమ్మదిగా.

భోజనం వేళ తప్పకుండా ఉండండి. మెనూ కాదు చూడాల్సింది, తినిపించే తీరు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టం, పల్చని నీళ్లు, మజ్జిగ గొంతుకు అడ్డం పడి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నిమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, మంచి వైపు బుగ్గలో పెట్టి, మింగాక రెండో చెంచా ఇవ్వాలి. తిన్నాక వెంటనే పడుకోబెట్టకూడదు. ఒక ఆయా వరసగా నలుగురికి గబగబా గిన్నె ఖాళీ చేస్తుంటే, పొలమారుతున్నా ఆపకపోతే అది ప్రాణం మీదికి తెచ్చే పని. ముక్కు గొట్టంతో ఆహారం ఇచ్చేవాళ్లకైతే తలవైపు మంచం ఎత్తి ఉందా లేదా చూడండి.

మన వైపు హోమ్‌లలో కొన్ని భక్తి సంస్థలు నడిపేవి, గుడ్డు కూడా ఉండదు. జీవితమంతా చేపల పులుసు తిన్న మనిషి సాంబారన్నం ఎదురుగా పెడితే నాలుగు ముద్దలతో లేస్తుంది. మీ అమ్మగారి అలవాటేమిటో చూసుకోండి. పుండు మానాలన్నా కండ నిలవాలన్నా మాంసకృత్తులు కావాలి, శాకాహారమే అయితే పప్పు, పెరుగు ఎంత పెడుతున్నారో అడగండి. చోడి (రాగి) అంబలి అలవాటున్నవాళ్లకు పొద్దున్న అంబలి పోస్తే హాయిగా తాగుతారు, దానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. నెలకోసారి బరువు చూస్తారా అని అడగండి. యాభై కిలోల మనిషి ఒక్క నెలలో రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే. లేవలేనివాళ్లను కుర్చీతో సహా తూచే కాటా లేకపోతే జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచి రాసుకోవచ్చు, అది కూడా చేయని చోట తగ్గుదల ఎవరికీ తెలియదు.

మీ అమ్మగారికి షుగరు ఉంది, మాట సరిగా రాదు. ఈ రెండూ కలిస్తే నాకు భయం షుగరు పెరగడం గురించి కాదు, పడిపోవడం గురించి. మాత్ర వేసేసి లేదా ఇన్సులిన్ చేసేసి, వంట ఆలస్యమై టిఫిను పదింటికి పెడితే షుగరు 70 కిందికి పోతుంది. చెమటలు పడతాయి, మత్తుగా ఉంటారు, పిలిస్తే పలకరు. చెప్పుకోలేని మనిషి కాబట్టి "నిద్రపోతున్నారు" అని వదిలేస్తారు. అందుకని డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని నేరుగా అడగండి: "షుగరు పడిపోతే ఏం చేస్తారమ్మా?" వెంటనే గ్లూకోమీటరుతో చూస్తాం, స్పృహ ఉండి మింగగలిగితే గ్లూకోజు ఇస్తాం, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేస్తాం అని తడుముకోకుండా చెప్పాలి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఎక్కడ ఉందో చూపించమనండి. తలుపు అరలోనో మధ్య అరలోనో ఉండాలి, ఫ్రీజరుకు ఆనించి ఉంటే పాడైపోతుంది. ఆవిడను ఏం చదివారని కూడా మర్యాదగా అడగండి. తెల్లకోటు వేసుకున్న ప్రతివారూ నర్సు కారు. జీఎన్‌ఎం అంటే మూడేళ్ల చదువు, ఏఎన్‌ఎం రెండేళ్లు. ఇన్సులిన్, గొట్టాలు, డ్రెస్సింగులు ఉన్నచోట కనీసం ఒక్కరైనా చదువుకున్న నర్సు ఉండి తీరాలి.

పట్టపగలు పదకొండింటికి గదిలో సగం మంది గాఢనిద్రలో ఉంటే అనుమానించండి. రాత్రి గోల చేస్తున్నారని నిద్రమాత్రలు, మత్తు మాత్రలు వేసే చోట్లున్నాయి. మందుల చీటీ అడిగి, డాక్టరు రాయని మాత్ర ఏదైనా ఉందేమో చూసుకోండి. మత్తులో లేచిన మనిషి పడిపోతుంది. రక్తం పల్చబడే మాత్రలు వాడే మీ అమ్మగారిలాంటివాళ్లకు తలకు దెబ్బ తగిలితే ప్రమాదం ఎక్కువ.

నొప్పి మాత్రల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ముఖ్యంగా శ్రీకాకుళం హోమ్ ఎంచుకుంటే. కవిటి, సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మనందరికీ తెలుసు. ఆ ప్రాంతం నుంచి వచ్చిన పెద్దవాళ్లు జిల్లాలోని హోమ్‌లలో ఉంటారు. వాళ్లు మోకాళ్ల నొప్పులంటే ఆర్‌ఎంపీని పిలిచి డైక్లోఫెనాక్ సూది చేయించే హోమ్‌లో కిడ్నీల గురించి ఆలోచన లేనట్టే. మీ అమ్మగారిది ఉద్దానం కాకపోయినా షుగరు, బీపీ ఉన్నాయి కాబట్టి ఇదే జాగ్రత్త. చేర్చే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించి ఫైల్లో పెట్టండి, "డాక్టరును అడగకుండా నొప్పి సూదులు వద్దు" అని రాసి ఇవ్వండి. "మా డాక్టరుగారు వస్తారు" అంటే ఆయన ఎవరు, ఏయే రోజుల్లో వస్తారు, ఏం చదివారు అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

అత్యవసరం వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో ముందే తేల్చుకోండి. రెండోసారి పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోపే, అదీ స్కాన్ తీశాక. విజయనగరంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, నెల్లిమర్లలో మిమ్స్ ఉంది. శ్రీకాకుళంలో రిమ్స్, రాగోలులో జెమ్స్ ఉన్నాయి. విశాఖ కేజీహెచ్‌కి విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి దాదాపు రెట్టింపు. ఆ వేళ స్కాన్, ఆ ఇంజెక్షన్ రెండూ ఎక్కడ దొరుకుతాయో మీరే ఫోన్ చేసి కనుక్కుని హోమ్‌వాళ్లకు కాగితం మీద రాసివ్వండి. మీకు ఫోన్ చేసి, మీరు ఎత్తేదాకా ఆగకూడదు. "ముందు 108, తర్వాత నాకు ఫోన్" అని సంతకం పెట్టి ఇవ్వండి.

తుపాను గురించి ఇక్కడివాళ్లం కాబట్టి అడగాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ వచ్చినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు లేక, బోరు పనిచేయక రోజుల తరబడి జనం ఎంత అవస్థ పడ్డారో మీకూ గుర్తుండే ఉంటుంది. కరెంటు పోతే ఎయిర్ బెడ్‌లో గాలి దిగిపోతుంది, ఆక్సిజన్ మిషను ఆగుతుంది, ఇన్సులిన్ ఫ్రిజ్ ఆగుతుంది. జనరేటరు ఉందా అని కాదు, స్టార్ట్ చేసి చూపించమనండి. డీజిలు ఎంత నిల్వ ఉంచుతారో, మందులు ఎన్ని రోజులకు సరిపడా ఉంటాయో అడగండి. అలాగే సంక్రాంతి మూడు రోజులు, విజయనగరంలో అయితే పైడితల్లమ్మ సిరిమాను నాడు డ్యూటీలో ఎవరుంటారో అడగండి. ఆయాలందరివీ చుట్టుపక్కల ఊళ్లే, వాళ్లకూ పండగ ఉంటుంది. సెలవులు ముందే పంచుకుని రాసిపెట్టుకున్న హోమ్‌లో ఇబ్బంది ఉండదు.

మాట తీరు చూడండి. "ఏటి మామ్మా, బువ్వ తిన్నావేటి?" అని మన యాసలో నవ్వుతూ పలకరిస్తే ఆ పెద్దావిడ ముఖం ఎలా మారుతుందో అక్కడ నిలబడితే కనిపిస్తుంది. "ఆరో నంబరు తినలేదు" అంటే అదీ వినిపిస్తుంది. ఆడవాళ్లకు ఆడవాళ్లే స్నానం చేయిస్తున్నారా, తలుపు వేస్తున్నారా, తెర ఉందా చూడండి. ఎవరి చేతులైనా మంచానికి కట్టేసి ఉంటే ఎందుకు కట్టారు, ఎవరు చెప్పారు, ఎప్పుడు విప్పుతారు అని అడగండి, జవాబు సరిగా లేకపోతే ఆ హోమ్ వద్దు. అక్కడ తిరిగే పెద్దవాళ్లలో ఎవరితోనైనా బయట అరుగు మీద కూర్చుని కాసేపు మాట్లాడండి. హోమ్ ఎలా ఉందని అడగకండి, భయపడి బాగుందనే అంటారు. రాత్రి దాహమేస్తే నీళ్లు ఎవరిస్తారు అని అడగండి.

సీసీ కెమెరాలున్నాయని చాలామంది ధైర్యపడతారు. వరండాలో కెమెరాకు మడమ మీది పుండు కనిపించదు, గదిలో కెమెరా పెడితే బట్టలు మార్చేది కూడా ఎవరో చూస్తారు. నేను దానికి పెద్ద విలువ ఇవ్వను.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. నెల ఫీజులో ఏమేం వస్తాయి, డైపర్లు, మందులు, డాక్టరు, ఫిజియో, అంబులెన్సు విడిగానా అన్నది కాగితం మీద రాయించుకోండి. పూర్తిగా మంచం పడితే ఉంచుకుంటారా, "వచ్చి తీసుకెళ్లండి" అంటారా, అడ్వాన్సు తిరిగి ఎలా ఇస్తారు అన్నదీ రాయించుకోండి. సంస్థ సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరై ఉండడం ఒకటి, సెలైన్లు పెట్టి ఆసుపత్రిలా వైద్యం చేయడానికి జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండడం వేరు. వైద్యం కూడా మేమే చేస్తామంటే ఆ రెండోది చూపించమనండి. ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో మంచానికే పరిమితమైనవాళ్లకు 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయలు, మామూలు వృద్ధాప్య పింఛను 4,000. అమ్మగారికి ఏది వస్తున్నా ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో తేల్చుకోండి. ఖాళీ కాగితాల మీద ఆవిడ వేలిముద్ర ఎవరినీ వేయించుకోనివ్వకండి. ఇల్లో పొలమో రాసిస్తే జీవితాంతం చూస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. చూసుకుంటామన్న షరతు దస్తావేజులో రాసి ఉంటే, మాట తప్పినప్పుడు 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కానీ ఆ వయసులో ఆ తిరుగుడు ఎవరికి కావాలి? హోమ్‌తో ఇబ్బంది వస్తే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇవ్వవచ్చు.

మూడింటిలో ఏదని అడిగారు. పైన చెప్పినవన్నీ ఇంచుమించు సమానంగా ఉంటే మీ మామయ్యగారు తేలిగ్గా వెళ్లగలిగే చోటు ఎంచుకోండి. చీపురుపల్లి నుంచి విజయనగరానికి రైలూ ఉంది, బస్సూ ఉంది. వారానికోసారి, ఒక్కోసారి ఒక్కో రోజున, ఒక్కో వేళలో సొంత మనిషి వెళ్లే చోట ఆ మంచాన్ని ఎవరూ అశ్రద్ధ చేయరు. బెంగళూరు నుంచి మీరు వీడియో కాల్ చేసినప్పుడు ముఖం మాత్రమే చూసి పెట్టేయకండి, "ఆయమ్మా, ఒకసారి అమ్మ కుడిచెయ్యి విప్పి చూపించు, మడమలు చూపించు" అని అడగండి. మొదటిసారి ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత వాళ్లే చూపిస్తారు. ఆయాలను పేరు పెట్టి, "అమ్మా" అని పిలవండి, పండక్కి ఓ చీర పెట్టండి. తక్కువ జీతానికి ఎక్కువ చాకిరీ చేసే మనుషులు వాళ్లు.

చేర్చేటప్పుడు మొదటి నెల మాత్రమే అని మాట్లాడుకోండి. చేర్చే రోజు అమ్మగారి ఒంటి మీద ఎక్కడైనా కమిలిందా, పుండు ఉందా అన్నది నర్సుతో కలిసి చూసి రాసి, బరువు రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీ, క్రియాటినిన్, ఆధార్, వైద్య సేవ కార్డు నకళ్లు ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. కళ్లజోడు, పళ్ల సెట్టు ఉంటే వాటి మీద పేరు రాయండి, ఇలాంటి చోట్ల ఎక్కువగా పోయేవి అవే. మొదటి రెండు వారాలు ఆవిడ ఏడవవచ్చు, ఇంటికి తీసుకెళ్లమనవచ్చు. అది బెంగా, బాధా అన్నది ఒంటిని, తిండిని, బరువును చూస్తే తెలుస్తుంది.

మళ్లీ వెళ్లొచ్చాక రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారో, మంచం పట్టినవాళ్లు ఎంతమందో మూడు హోమ్‌లవీ ఇక్కడే రాయండి. హోమ్‌ల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. చూసి నా అభిప్రాయం చెబుతాను.